ఏ మంగళవారమో

రుస్తావి కార్ల బజారులో
వేలంలో కొన్న నీలం సుబారుని
దులుపుతున్నాడు జురాబ్.
చితికిన ముక్కుతో
సవానా రేవు నుంచి సముద్రాలు దాటింది కారు;
సీటు కింద సామాను
దిగడం మరిచిపోయింది.

ఎండిపోయిన ఆలూ ముక్క, ఒంటి చిన్న మేజోడు,
పళ్ళ డాక్టరు చీటీ: మంగళవారం, నాలుగున్నర.
ఏ మంగళవారమో.

చిల్లర ఉంచుకోవచ్చు, అది బజారు ధర్మం.
మేజోడు మాత్రం పారేయకూడదు, వాళ్ళమ్మ మాట.
ఎయిర్‌బ్యాగు పేలిన చోట
చూపు నిలపకూడదని ఎవరూ చెప్పలేదు,
తనే నేర్చుకున్నాడు.

ఎండకి అడ్డం దించే పలకకి
ఇంకా తగిలించే ఉంది
గ్యారేజీ తలుపు రిమోటు.
నొక్కాడు.

పక్క కొట్టులో టైర్లు దొర్లిస్తున్న కేతెవాన్ తలెత్తింది:
"ఏం తెరుచుకుంది?"
"ఏమో."

కాసేపాగి మళ్ళీ నొక్కాడు,
ఈసారి మూయడానికి.