రెండో బొమ్మ

రాత్రి పదకొండూ ఇరవైకి బొమ్మ అయిపోయింది.
డులూత్ ఊళ్ళో, సరస్సు మీదినుంచి వచ్చే గాలి
హాలు తలుపును లోపలికి తోస్తోంది.
నేను బయటికి తోసి పట్టుకున్నాను.
నా చెయ్యి కిందినుంచి ఒక్కొక్కరే వంగి దాటారు.
పదిహేడు మంది. టికెట్లు చింపింది నేనే.

మంచు పడుతోంది.
ఇంజన్లు వేడెక్కేదాకా
ముంగిట్లో రేకు కింద, పోస్టర్ దీపం చుట్టూ
అందరూ ఆగారు, తీర్పులు మొదలయ్యాయి.

"మొదటిదే నయం," అన్నాడు వెండెల్,
ఖనిజం ఓడల్లో వంటవాడు.
"అందులో అది నడవడం మనకి చూపించలేదు.
కుర్చీలో బొమ్మ ఉండేది.
మళ్ళీ చూస్తే కుర్చీ ఉండేది, అంతే.
రాత్రి లేచి నా వంటగదిలో దీపం వేసుకున్నాను.
ఇందులో మెట్లు దిగుతుంది, మాట్లాడుతుంది,
ఆఖరికి కారు కూడా నడుపుతుంది!
కారు నడిపేదానికి భయపడాలా?
మా బావమరిదీ నడుపుతాడు."

"ఆ రంగు రక్తం ముప్పై ఏళ్ళలో చూడలేదు,"
బడిలో నర్సు మార్లిస్, మఫ్లర్ చుట్టుకుంటూ.
"అది చెర్రీ పాకం. నవ్వాగలేదు నాకు."
(రెండో సగమంతా పక్క సీటతని మోచెయ్యి
వదలనిది ఆవిడే. టార్చిలైటుకి చాలా తెలుస్తాయి.
అతనెవరో ఆవిడకి తెలీదు. అతనూ ఏమీ అనలేదు.)

టోయివో నిద్రపోయానన్నాడు.
డబ్బుకి తగ్గ నిద్ర, అన్నాడు.

ఇద్దరు కుర్రాళ్ళు అద్దం గీకే పలకతో
కత్తి సీను మళ్ళీ ఆడారు. చచ్చినవాడు లేచి
"నన్నింకా నెమ్మదిగా చంపాలి" అని తగువు పెట్టుకున్నాడు.

అప్పుడు సిగ్నె హాల్వర్సన్ నోరు విప్పింది.
చెప్పుల కొట్టు పైన నలభై ఏళ్ళు
విరిగిన బొమ్మలకు వైద్యం చేసిన మనిషి.
"వీళ్ళకి బొమ్మంటే తెలీదు.
పడుకోబెడితే కళ్ళు మూసుకునే రకం అది.
కళ్ళ వెనక సీసం గుండు ఉంటుంది, గాలానికి కట్టేదంత.
పడుకున్నా కళ్ళు తెరిచే ఉందంటే
గుండు ఊడిందన్నమాట.
దానికి కావలసింది జిగురు. పూజారి కాదు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"చేతుల మీద పంటిగాట్లతో తెచ్చేవారు.
జుట్టు కాలినవి. పొట్ట నిండా సూది బెజ్జాలున్నవి.
ఒకదాని నోరు లోపలినుంచి కుట్టేశారు,
తెచ్చిన పిల్ల ఏడేళ్ళది, నేల చూస్తూ నుంచుంది.
బాగుచేసి ఇచ్చేదాన్ని. ఎవరు చేశారని అడిగేదాన్ని కాదు.
అడగాల్సింది.
నలభై ఏళ్ళలో ఇవతలినుంచి అవతలికే చూశాను దెబ్బలు,
అవతలినుంచి ఒక్కటీ రాలేదు."

ఇంజన్లు ఎప్పుడో వేడెక్కాయి.
వెండెల్ తాళాలు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"అయితే మూడో భాగానికి రారా?" అంది మార్లిస్.
"రాకేం," అంది సిగ్నె,
"ఆ గౌను కుట్టిందెవరో గాని, కాజాలు చేత్తో కుట్టారు."

కుర్రాళ్ళు బొమ్మా బొరుసా వేశారు,
బొమ్మ పడితే మూడోదానికి వస్తారట.
నాణెం మంచులో నిలువుగా దిగిపోయింది.
కాసేపు తవ్వి, చలికి వదిలేశారు.

లోపల పాప్‌కార్న్ ఊడ్చాను.
టికెట్ గది పక్కన నిలువెత్తు అట్టబొమ్మ.
రోజూ దాన్ని గోడవైపు తిప్పి తాళం వేస్తాను.
ఇవాళ నేలమీద పడుకోబెట్టి చూశాను.
కళ్ళు మూయలేదు.
అట్టకి సీసం ఎక్కడినుంచి వస్తుంది?
మళ్ళీ లేపి, తలుపు వైపే నిలబెట్టాను.

ఓనరు ఫోన్ చేశాడు.
"బొమ్మ ఎలా ఆడింది?"

"పదిహేడు మంది," అన్నాను.