ఏడు గాట్లు

బిలోలి తాలూకాలో, మంజీర ఒడ్డున,
ఊరి పేరెందుకు గానీ,
పాత మసీదుకు సున్నం పెట్టనీకి పిలిచిండ్రు నన్ను.
బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళల్ల
మూడు దినాలు కలిపిన.

పడమటి గోడలో ఒక రాయి కదిలింది.
తీసి చూస్తే ముందువైపు అరబ్బీ తీగలు.
వెనక, నాలుగొందల ఏండ్లు ఎండ చూడని వైపు,
ఉలితో ఏడు గాట్లు, పక్కన చేప.
చేప మా ఇంటి గుర్తు.
మా తాత సుత్తె కర్ర మీద కూడా ఉండేది.

ఈ మతం ఇటు ఎట్లొచ్చిందని అడిగితే
బడిపంతులు కులకర్ణి, గుర్రాల మీద అంటడు.
ముతవల్లీ బుర్హానుద్దీన్ సాబు
పుట్టిల ఏరు దాటిన ఫకీరు కథ చెప్తడు.
మా నాయనమ్మ మాత్రం:
"దూదేకేటోడొచ్చిండు బిడ్డా, చలికాలం.
ఊరందరికీ పరుపులు కుట్టిండు.
వెచ్చగ పండినోళ్ళు పొద్దుగాల లేచి
నువ్వెవరికి మొక్కుతవని అడిగిండ్రు."

"ఏం రాసుంది?" అన్నడు సాబు.
"రాత కాదు, లెక్క.
ఏడు దినాల కూలి రావాల్నంటే
మావోళ్ళు ఇట్లనే గీస్తరు."

ఆయన నవ్వలే.
వజూ నీళ్ళు ఇంకా గడ్డం మీంచి కారుతున్నయి.
"బాకీ పెట్టుకొనా ఇన్ని నమాజులు?" అని
జేబంతా దేవులాడి ఏడు రూపాయలు
నా సున్నపు చేతుల పెట్టిండు.

రాయి మళ్ళ బిగించిన.
గాట్లు చీకట్లకు పోయినయి.
రూపాయలు తాపీ సంచిలనే ఉన్నయి.
ఖర్చు పెట్టనీకి చెయ్యి రాదు,
ఇద్దామంటే
ఆ చేప గీసినోని పేరు తెల్వదు.