కుడి దీపం

పటగోనియాలో గాలికి పొద్దూ మాపూ లేదు.
మా కారుకి మాత్రం ఆదివారం చీకటి పడుతూనే
ఒక కన్ను పోయింది.

ఊరంటే ఊరు కాదు.
ఒక పెట్రోలు బంకు, మూసి ఉంది.
ఒక బేకరీ, అదీ అంతే.
చర్చి మెట్ల మీద కుక్క
మా నంబరు ప్లేటు చదివినట్టు చూసి
మళ్ళీ ముడుచుకుంది.

"ముందే చూసుకోమన్నానా!" అంది ఒతిలియా అత్త.
అనలేదు.
కానీ ఆ గాలిలో వాదన నిలబడదు.

అప్పుడొచ్చాడు, చెప్పులు ఈడ్చుకుంటూ,
చేతిలో సగం తాగిన మాతే బుర్రతో.
అత్త చేతిసంచీని తొడ కిందికి తోసింది.
చూశాడు.
చూడనట్టు బానెట్ మీద రెండుసార్లు తట్టాడు,
ఈనబోయే ఆవు డొక్క తట్టినట్టు.

"బల్బులా? గురువారం బస్సులో రావాలి."

రేపు తొమ్మిదింటికి ఎస్కెల్‌లో
నాకొక గుమాస్తా ఉద్యోగపు పరీక్ష.
చావూ కాదు, కాన్పూ కాదు.
అదే చెప్పాను, కొంచెం సిగ్గుపడుతూ.

మాట్లాడకుండా రోడ్డు దాటాడు.
అక్కడ అతని ట్రక్కు,
తలుపు మీద వెలిసిన అక్షరాలు:
అనక్లేతో. ఉన్ని కొనబడును.
మోకాళ్ళ మీద కూర్చుని
దాని దీపం ఊడదీశాడు.
నేను వద్దన్నాను, రెండుసార్లు.
రెండోసారి కాస్త నెమ్మదిగా.

"ఈ రాత్రికి నేను వెళ్ళాల్సిన ఊరేదీ లేదు"
అన్నాడు, పళ్ళ మధ్య మర మేకు కరిచిపట్టి.

అత్త తొడ కింద నుంచి సంచీ తీసింది.
నోట్లు ముట్టుకోలేదతను.
అడుగున కాగితంలో చుట్టిన క్విన్స్ హల్వా ముక్క,
దాన్ని మాత్రం అందుకుని
విరిచి, సగం తిరిగిచ్చాడు.

రాత్రంతా ఎడమ వెలుగు తెల్లగా,
కుడి వెలుగు పాత వెన్న రంగులో.
ఆ పచ్చటి సగంలోనే
గ్వానాకోలు తలలెత్తాయి,
కంచె ముళ్ళకి చిక్కిన ఉన్ని పోగులు
ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోయాయి.
చాలా మైళ్ళ తర్వాత
ఎవరూ అడక్కుండానే అత్త అంది:
"ఆ సంచీలో ఉన్నది బస్సు చార్జీకి కూడా చాలదు."

ఉద్యోగం రాలేదు.
గురువారం బస్సుకి కొత్త బల్బు పంపాను,
పేరూ ఊరూ రాసి. చేరిందో లేదో.

ఆరేళ్ళకి కారు అమ్మేటప్పుడు
కొనేవాడు దీపాలు వేసి చూసి
"కుడిది పచ్చబడింది, మార్చాలి" అన్నాడు.

మార్చుకో అన్నాను.
పాతది మాత్రం నాకిచ్చెయ్.