పాస్‌పోర్ట్ సైజు

దేవరకొండలో మా స్టూడియోకి సోమవారం సెలవు.
ఆ రోజు మనుషుల్ని తియ్యను.
"గడ్డం కొంచెం కిందికి, నవ్వొద్దు, కళ్ళు ముయ్యొద్దు"
ఆరు రోజులు ఇదే అని అని
ఏడో రోజు నోరు మూసుకుని
మోపెడ్ మీద రాళ్ళ దగ్గరికి పోతాను.

రాళ్ళు కదలవు.
ఫోటో చేతికిస్తే
నేనింత నల్లగున్ననా అని అడగవు.

పానగల్లులో చెయ్యి విరిగిన నాట్యకత్తెను
ఆ లేని చేతిలో ఏముండేదో తెలియక
మూడు వైపుల నుంచి తీశాను.
ఖిల్లా గోడ పగులులో సీతాఫలం మొలిస్తే
కాయ కన్ను తెరిచే దాకా నెలనెలా ఎక్కాను.
చండూరు దారిలో, చెలక గట్టున,
కత్తి దూసిన వీరగల్లుకు ఎవరో మేకను కట్టేశారు.
అదిలించినా మేక జరగలేదు.
ఇద్దర్నీ కలిపి తీశాను.

ఎర్ర స్థూపాలకు మాత్రం నోటుబుక్కులో లెక్క ఉంది.
నూట పద్నాలుగు.
కొన్నిటికి కొడవలి ఊడింది, సుత్తె మిగిలింది.
ఒకదాని మెట్ల నిండా మిరపకాయలు ఆరబోశారు,
ఏ ఎరుపు ఎక్కడ ఆగిందో
కెమెరాకూ తేలలేదు.

నూట పదిహేనోది
బత్తాయి తోటల మూలమలుపులో.
రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు దాని నడుముకు
పసుపు గీత కొట్టి, నెంబరేసి పోయారు.
మొత్తం పట్టాలని నేను వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతుంటే
"అంత దూరం పోతె ఏం గనవడ్తది బిడ్డా"
అన్నదొక గొంతు
నా మోచేతి కింద నుంచి.

సైదమ్మ.
ఇక్కడి బోరు నీళ్ళు ఎముకల్లో గడ్డకట్టి
నడుము ఎప్పుడో నేలవైపు తిరిగిన మనిషి.
స్థూపం కొసన చుక్క ఉందని విన్నదంతే.
ఆమెకు అందేది అడుగు వరస,
పదకొండో పేరు.
సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తున.

"మా నాయిన. నేను కడుపుల ఉండంగ పోయిండు.
ఫోటువ లేదు.
నా ముక్కు ఆయనదేనని అమ్మ అంటుండె."

ముత్తిలింగం.
చెక్కినవాడు త కింద ఒత్తు మరిచిపోయాడు.
ఏటా రంగులేసేవాళ్ళు
ఆ తప్పు మీదుగానే శ్రద్ధగా కుంచె తిప్పారు.
రాత్రిబడిలో ఆమె నేర్చింది ఈ ఒక్క పేరేనట,
అందుకే ఆమె వేలు
ఒత్తు ఉండాల్సిన చోట కాసేపు ఆగి
బోడి రాయిని రుద్దింది.

"మొత్తం తియ్యకు. గింతే తియ్యి.
పెన్షన్ బుక్కుల అంటిచ్చేంత."

వంగాను. మోకాలు నేలకు ఆనించాను.
ఆరు రోజుల నోరు ఊరుకోలేదు,
"గడ్డం కొంచెం..." అనబోయి
నాలిక కరుచుకున్నాను.

మంగళవారం షట్టరెత్తి ముందు ఆ పనే పెట్టుకున్నాను.
షీటుకు ఎనిమిది.
అంచున పడిన పసుపు గీతను తుడవొచ్చు, తుడవలేదు.
ఒత్తు పెట్టడమూ వచ్చు నాకు.
మొటిమలు తీసేస్తాను, మూసుకున్న కళ్ళు తెరిపిస్తాను,
చనిపోయినవాళ్ళకు కోటు తొడిగి టై కడతాను.
ఎందుకో ఆ చిన్న ఒత్తు దగ్గర
మౌసు మీద వేలు కదల్లేదు.

మధ్యాహ్నం బస్సుకు వచ్చింది.
టేబుల్ మీద ఎనిమిదీ పరిచి, లెక్కపెట్టి,
"పెన్నుందా" అంది.
నున్నటి కాగితం మీద గీత జారుతుంటే
నాలిక బయటపెట్టి, బడిపిల్లలాగా,
ఎనిమిదింటికీ ఒత్తు పెట్టింది.
బయట పాస్‌పోర్ట్ ఫోటోలకు ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు.
ఉండమన్నాను.

ఏడు కొంగున ముడేసుకుంది.
ఒకటి నా వైపు జరిపి
"నీ లెక్కల పెట్టుకో" అని మెట్లు దిగింది.

ఇంకు తడిగానే ఉంది.
ఊదుతున్నాను.