ఏడో మలుపు కాడ

వాయుగుండం కృష్ణపట్నం దగ్గర తీరం దాటతాదని
రాత్రి రేడియోలో చెప్పారు.
చెప్పకపోయినా నాకు తెలుసు,
ఎడమ పాదం మీద తారు కాలిన మచ్చ
వానకు ముందు దురద పెడతాది.

ఈ ఘాటు రోడ్డు మేం వేసిందే.
ఉదయగిరి దుర్గం ఎనకబడి
సీతారామపురం ఇంకా కనపడని చోట,
కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకొని నలభై రోజులు.
మేస్త్రీ మాలకొండయ్య బీడీ ఆర్పి చెప్పినాడు:
"ఏడో మలుపు కాడ తూము లేదు మస్తానమ్మా,
పైన కాస్త పల్చగా కొట్టండి, బిల్లు అయిపోయింది."
కొట్టాం.
ఏడేళ్ళు ఆ సంగతి ఎవురూ అడగలా.

ఇప్పుడు ప్రపంచమంతా వచ్చి
ఆ మలుపు మీద పడింది.

నాకు నారింజ రంగు కోటు, విజిల్, పసుపు జెండా,
రోజుకు ఏడొందలు.
బండి తిరగబడితే ఊపాలంట,
తిరగబడకపోతే గమ్మునుండాలంట.
పక్కన వాకీటాకీతో కరీముల్లా, డిగ్రీ ఫెయిలు,
లోపల ఏ దేశపోళ్ళు అరిచినా
తెలుగు చేసి పెడతాడు.

మొదటి బండి పొడి రోడ్డు మీద పోయింది.
పోయిందంటే, నేను చూడలా. దుమ్ము చూశా.
రెండు, మూడు, నాలుగు.
ఐదో దానికి కొండ మీద మబ్బు కుండ పగిలింది.
దుత్తలూరు నుంచి ట్రాక్టర్లలో వచ్చినోళ్ళు
టార్పాలిన్ల కిందికి దూరారు.
తడిసిన తారుకు జ్ఞాపకం ఎక్కువ,
ఏళ్ళ కింద లారీలు కార్చిన డీజిలంతా
రంగురంగులుగా పైకి కక్కింది.

తొమ్మిదో బండి, నీలం రంగుది,
తిరగడం మరిచిపోయినట్టు నా మీదికే వచ్చింది.
పక్కకి, ఇంకా పక్కకి జారి
పిట్టగోడకి ఎనక భాగం ఆనించి ఆగింది.
నేను జెండా ఊపుతానే ఉండా.
లోపల ఇద్దరూ బతికే ఉండారని
కరీముల్లా మూడుసార్లు చెప్పినాక
చెయ్యి కిందికి దిగింది.

పోటీ ఆపేశారు.
కోట్ల రూపాయల బండ్లు రోడ్డు వారన
బస్సు తప్పిపోయిన పెళ్ళివాళ్ళలాగా నిలబడ్డాయి.

అప్పుడొచ్చింది ఆ పిల్ల, హెల్మెట్ చంకన పెట్టుకొని.
బెల్జియమంట. పేరు ఎల్కె.
బండి తోలేది వేరే అతను,
ఈమె పక్కన కూర్చోని దారి చదువుతాదంట.
దారిని చదవడమేంది! నవ్వొచ్చింది.
నోటుబుక్కులో పేజీలు తడిసి అతుక్కోని ఉండాయి,
పెన్సిల్ గీతల్లో మా రోడ్డంతా ఉండాది.
అక్షరం రాని దాన్ని,
వంక చూడంగానే ఏడోది పోల్చుకున్నా.

అడిగింది: నీళ్ళు యాడ నిలుస్తాయి?

కొలతల పుస్తకం తెచ్చిన ఇంజనీరు అడగలా,
రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి అడగలా.
కరీముల్లా నోరు తెరిచేలోపే
చెప్పులు విడిచి, పాదంతో చూపించా.
ఇక్కడ్నుంచి అక్కడిదాకా పదకొండడుగులు.
ఇది పల్చన. ఇక్కడ కంకర లేచిపోతాది.
ఎడమ అంచున మూరెడు మాత్రం గట్టిది,
పొద్దుగూకినాక, మనసొప్పక,
మిగిలిన నాలుగు తట్టలు నేనే ఒంపి అణగ్గొట్టిన చోటు.

ఎల్కె వంగి వేలితో తారు తడిమింది.
వంకర గీత కింద ఇంకో చిన్న గీత గీసి
ఏదో రాసుకుంది.
ఏం రాసిందిరా అని అడిగితే
"అంచు పట్టుకో, అని" అన్నాడు కరీముల్లా.
వాడికి ఆ భాష రాదని తర్వాత తెలిసింది.

మూడున్నరకు వాన తెరిపిచ్చింది.
కింది నుంచి మళ్ళీ వదిలారు.
అన్నీ నీళ్ళలో పడే పోయినాయి,
నా కోటు నిండా చిమ్మతా.
ఒక్క బండి మాత్రం
మలుపుకి ముందే గొంతు తగ్గించి,
కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వాగు దాటే మనిషిలాగా
ఆ మూరెడు మీద చక్రాలు పెట్టి
దాటిపోయింది.

ఎన్నోది వచ్చిందో అడగలా.
సగం పూట పోటీ రద్దయిందని
కూలి మూడొందల యాభయ్యే ఇచ్చారు.
కోటు తీసుకున్నారు. విజిల్ మరిచిపోయారు.

ఇంటికి పోతా గుంట కాడ ఆగా.
నీళ్ళు ఇంకా ఉండాయి, ఎప్పట్లాగే.
మాలకొండయ్య పోయి మూడేళ్ళు.
ఉంటే చెప్పేదాన్ని,
మన పల్చన పుస్తకానికెక్కింది మేస్త్రీ,
మూరెడు గట్టి కూడా.