గోడ ముందే వంకర

బ్లైనై ఫెస్టీనియోగ్‌లో వాన
ఇంట్లోకి రాదు, అలాగని వెళ్లిపోదు కూడా.
పలకరాతి గనివాళ్ల వరసిళ్లలో
ఆరోది నెరిస్‌ది.
అయిదు రోజులు బస్సు నడుపుతుంది,
మిగతా రెండు రోజులూ ముందుగదితో తగువు.

పాత స్కర్టింగ్ పెరికితే
టీలో ముంచిన బిస్కట్‌లా చేతికొచ్చింది.
వెనక ఒక అల్లికసూది,
ఎలకలు సగం చదివిన ఓటుచీటీ.

కొత్త చెక్క తిన్నగా ఉంది,
దారం లాగి పట్టినంత తిన్నగా.
అదే దాంతో వచ్చిన చిక్కు.
గోడకు ఆనిస్తే నడుమ దగ్గర
పిల్లి తోక పట్టేంత సందు.
ఇటు నొక్కితే అటు లేస్తుంది.
రసమట్టంలో బుడగ
మధ్యకు రానంటే రానని
ఓ కొసకు పోయి కూర్చుంది.

పక్కింటి గొరోన్వి వచ్చాడు.
ఎనభై ఒకటి. ఒక చెవి గనికే ఇచ్చేశాడు.
టీ అడిగాడు, మూడు చెంచాల చక్కెరతో.
గ్లాసు అడుగు కనపడేదాకా మాట లేదు.
అప్పుడు జేబులోంచి పొట్టి పెన్సిలు తీసి
చిన్న చెక్కముక్కకు రబ్బరు చుట్టి బిగించి
నేలమీద ఈడ్చుకుంటూ పొమ్మన్నాడు.
"నేల ఎలా పోతే అలా.
నువ్వేం చెప్పకు. దాన్ని చెప్పనీ."

మోకాళ్ల మీద పాకుతూ ఈడ్చింది.
పొయ్యి దిగబడిన చోట గీత దిగింది,
గుమ్మం దగ్గర ఎందుకో లేచింది,
నూటముప్పై ఏళ్లకి ఆ నేల
మొదటిసారి తన చేతిరాత చూపించింది.

ఆ గీత దాకా చిత్రిక పట్టింది.
పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా
సాక్సుల్లోకి దూరింది.
గోడ గుంటపడ్డ చోట చెక్క వెనక
పెరట్లో దొరికిన పలకరాతి పెంకులు ఇరికించింది.
నలభై అయిదు డిగ్రీల్లో కోసిన మూల మాత్రం
నోరు తెరిచి నవ్వింది.
మూలమట్టమనేది ఆ మూలకి
ఒక్కసారైనా వచ్చి ఉండదు.

కిటికీ కింద ఆఖరి ముక్క పెట్టబోతూ ఆగింది.
సున్నపు గిలాబు మీద, వెల్ష్‌లో,
వడ్రంగి పెన్సిలు అక్షరాలు:
"గోడ ముందే వంకర. చెక్క నాది, గోడ నాది కాదు.
ఐ.పి., 1908."

ఆడలేక మద్దెల ఓడంటాం.
ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు.

గొరోన్వి కళ్లద్దాలు తుడిచి రెండుసార్లు చదివాడు.
"ఇఫాన్ ప్యూ అయుంటాడు, మా అమ్మ తండ్రి.
కాకపోనూ వచ్చు."
"మరి గోడ?"
వినపడని చెవి ఇటు తిప్పాడు.
ఆమె మళ్లీ అడిగింది, గట్టిగా.
"గోడా? అది మా నాన్న తరఫు."

ఆయన వెళ్లాక నెరిస్
ఆ రాత కింద అదే పొట్టి పెన్సిలుతో
ఒక్క మాట రాసింది: "ఇప్పటికీ."
దాని మీద చెక్క పెట్టి మేకు కొట్టింది.

మేకులు అయిపోయాయి.
గుమ్మం పక్క రెండడుగులు
వచ్చే మంగళవారానికి.