గరుకు కాగితం

సాన్యీలో ఆరోజు మబ్బు కొండ దిగి
దుకాణం గడప దాకా వచ్చి కూర్చుంది.
చిన్న లారీలోంచి ఇద్దరు కుర్రాళ్ళు పెట్టె దింపారు.
వెనకే, గొడుగు మడుస్తూ, చాన్ యుయె-ఓ.
డెబ్బై ఒకటో ఏడు.
కాళ్ళకంటే నోరు రెండడుగులు ముందు నడుస్తుంది ఆమెకి.

"మా అమ్మమ్మ పెట్టె. వాసన పోయింది. తెప్పించు."

తప్పిపోయిన పిల్లిని వెతికిపెట్టమన్నట్టు చెప్పింది.

మూత ఎత్తాను.
పాత బట్టల ముక్కవాసన,
ఎలుక ఒకటి ఎప్పుడో కాపురం చేసిన జాడ,
ఎవరో పుణ్యాత్ముడు లోపలంతా పూసిపోయిన వార్నిష్.
దానికింద కర్పూరపు చెక్క
నిండా ముసుగు తన్ని పడుకుంది.

మా గురువు పెంగ్ చిన్-షెంగ్ అనేవాడు:
వాసన మనం పెట్టేది కాదురా, అడ్డం తీస్తాం, అంతే.
నూనె రాయకు. అత్తరు చల్లకు.
అది పీనుగకి పౌడరు అద్దడం.
ఏళ్ళ తరబడి గాలి తిని తిని
చెక్కకి చర్మం మొద్దుబారుతుంది.
గోటి మందం కూడా అక్కర్లేదు, గీకితే చాలు.
అగ్గి తగిలిన కర్పూరం ఆనవాలు మిగల్చదు.
చెక్కలో ఉన్నది మొండిది. దాక్కుంటుంది.

వార్నిష్ గీకడానికే రెండు రోజులు.
తర్వాత నూటయాభై నంబరు కాగితం, నార వెంబడే;
అడ్డంగా లాగితే చెక్క అలుగుతుంది.
తర్వాత రెండువందల నలభై.
ఆమె రోజూ వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చునేది.
పెట్టెని చూడదు.
నా మొహం చూస్తుంది.

మాటల మధ్య చెప్పింది:
అమ్మమ్మ పెళ్ళికి ముందు
కొండమీద కర్పూరపు బట్టీలో కూలికి వెళ్ళేదట.
చెట్టుని పేళ్ళుగా చెక్కి, ఆవిరి పట్టి,
తెల్లటి పొడిగా దింపే పొయ్యిల దగ్గర.
ఒక ఏడు డబ్బు బదులు
ఎవరికీ అక్కర్లేని వేరు పలకలు ఇచ్చారట.
ఉన్నది ఒక్క నీలి అంగీ,
దానికి ఇంత పెట్టె ఎందుకని ఊరు నవ్విందట.
"అంగీ ఒక మూల పెట్టి, మిగతాది వాసనకి వదిలేసింది."

నాలుగో రోజు మధ్యాహ్నం,
అడుగు పలక చివర, వేళ్ళకింద కాగితం వేడెక్కినచోట,
వచ్చింది.
ముందు గొంతులో. తర్వాత కళ్ళలో.
చిన్నప్పుడు ఛాతీకి రాసిన మందు, వాన తాగిన అడవి,
పేరు తెలీని ఇంకేదో.

"వచ్చింది కదా," అంది స్టూలు మీంచే.
"మీకూ తెలిసిందా?"
"లేదు. నీ ముక్కుపుటాలు చూశాను."

మూడేళ్ళ కిందట ఏదో జ్వరం.
అది పోతూ పోతూ ముక్కుని వెంట తీసుకుపోయింది.
నూరిన టీ లేదు, మాడిన అన్నం లేదు;
గ్యాస్ లీకయిననాడు పక్కింటివాళ్ళు తలుపు బాదారు.
డాక్టరు చేతులెత్తేశాడు.
మరి ఈ పెట్టె ఎందుకని నేను అడగలేదు.
కాగితం మడిచి కొత్త వైపు తిప్పాను.
"నాకే రావాలనేముంది," అంది ఆమె,
అడగని ప్రశ్నకి.

పని ముగిసిన రోజు
పొడి ఊడ్చి, పొడిగుడ్డతో తుడిచి, తప్పుకున్నాను.
ఆమె ఒక చెయ్యి నేలకి ఆనించి, ఒక్కో మోకాలూ దించి,
తల పెట్టె లోపల పెట్టింది.
చాలాసేపు.
కుర్రాళ్ళు బయట హారను కొట్టారు, మళ్ళీ కొట్టారు.

తల ఎత్తేసరికి కళ్ళవెంట ధారలు.
నేను వేరే వైపు చూశాను.

"ఏడవట్లేదు, ఇటు చూడు," అని కసిరింది.
"వాసన లేదు. కానీ చల్లగా ఉంది.
ఇక్కడ." కనుబొమల మధ్య వేలు పెట్టింది.
"ఇక్కడిదాకా చల్లగా ఉంది."

మళ్ళీ వంగింది.

తర్వాత బిల్లు ఎక్కువైందని పోట్లాడింది.
నేల మీది రంపపు రంగు పొడి కూడా
పొట్లం కట్టించుకుని పట్టుకుపోయింది.

ఆ రాత్రి నూడుల్స్ కర్పూరం రుచి వేశాయి.
సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగాను.
నాలుగోసారి కొళాయి దాకా వెళ్ళి
తిప్పకుండా వచ్చేశాను.